ఎన్నాళ్ళు వాడాలి డాక్టరుగారూ?

భార్య మీద మక్కువకొద్దీ మగవాళ్ళు ఆవిడ పేరు దేనికి పెట్టరు చెప్పండి! కట్టుకున్న ఇంటికి పెడతారు, కొన్న లారీకి పెడతారు, తెరిచిన కిరాణాకొట్టుకి పెడతారు. స్విట్జర్లాండులో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మాత్రం మందుబిళ్ళకి పెట్టాడు. 1944లో బాసెల్ నగరంలో, సీబా అనే మందుల కంపెనీలో పనిచేస్తూ ఆయన మిథైల్‌ఫెనిడేట్ అనే కొత్త పదార్థాన్ని తయారుచేశాడు. ఆయన భార్య పేరు మార్గరీట్, ముద్దుగా రీటా. ఆవిడకి రక్తపోటు తక్కువట. టెన్నిసు ఆటకి వెళ్ళేముందు ఈ మందు వేసుకుంటే మంచి హుషారుగా ఉండేదట. ఆ రీటా పేరు మీదనే మందుకి రిటాలిన్ అని నామకరణం జరిగింది.

కథ ముచ్చటగానే ఉంది. కానీ ఒక్క సంగతి గమనించండి. రీటాగారు బిళ్ళ వేసుకున్నది ఒక పూట ఆటకి. ఈనాడు లోకంలో లక్షలాదిమంది పిల్లలూ పెద్దలూ ఆ బిళ్ళనీ, దాని అక్కచెల్లెళ్ళనీ రోజూ, ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారు. ఒక పూటకీ ఏళ్ళ తరబడికీ మధ్య దూరం ఎంత? ఆ దూరంలో ఒంటికీ మనసుకీ ఏమవుతుంది? ఈ ప్రశ్న అడిగినవాళ్ళు మొదటినుంచీ తక్కువ. అడిగినవాళ్ళు కూడా ఆలస్యంగానే అడిగారు.

వీటిని ఉత్తేజక మందులు అంటారు. ఆర్ట్స్ చదువుకున్నదాన్ని, నా చేత రసాయన శాస్త్రం చెప్పించకండి. వంటింటి భాషలో చెబుతాను. మన మెదడులో డోపమిన్, నారెడ్రినలిన్ అనే సరుకులు చిన్నచిన్న డబ్బాల్లో సర్ది ఉంటాయి. అవసరమొచ్చినప్పుడు మెదడు చెంచాడు తీసి వాడుకుని, మిగిలింది మళ్ళీ డబ్బాలో పోసుకుంటుంది. ఏంఫిటమిన్ ఆ డబ్బాని బోర్లిస్తుంది. మిథైల్‌ఫెనిడేట్ ఏమో తిరిగి పోసుకోనివ్వకుండా మూత బిగించేస్తుంది. ఎలాగైతేనేం, సరుకంతా బయటే ఉంటుంది. అంచేత నిద్ర రాదు, ఆకలి వెయ్యదు, చేస్తున్న పని మీద మనసు నిలుస్తుంది, లోకమంతా బాగున్నట్టే తోస్తుంది. దాంతోపాటు గుండె గబగబా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది. అలిసిపోయిన మనిషికి బిళ్ళ కొత్తగా ఓపిక పుట్టించదు, రేపటి ఓపికని ఇవాళ్టికి అప్పు తెచ్చిపెడుతుంది. అప్పు చేసి పప్పుకూడు అన్నారే, అదన్నమాట.

ఈ కుటుంబంలో పెద్దక్క ఏంఫిటమిన్. 1887లో లజార్ ఎడెలియాను అనే రుమేనియా దేశస్థుడు బెర్లిన్‌లో చదువుకుంటూ దాన్ని తయారుచేశాడు. అది దేనికి పనికొస్తుందో చూడకుండానే ఆయన తర్వాత పెట్రోలు శుద్ధిచేసే పనిలోకి వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళు దాని మొహం చూసినవాళ్ళు లేరు. ఆ రోజుల్లో ఉబ్బసానికి ఎఫిడ్రిన్ వాడేవారు. అది చైనాలో దొరికే ఒక మొక్కనుంచి రావాలి. దానికి బదులు మందేదైనా దొరుకుతుందా అని లాస్ ఏంజెలెస్‌లో గోర్డన్ ఆలిస్ అనే ఆయన వెతుకుతూ, 1929 జూన్ 3న ఏంఫిటమిన్‌ని సూదితో ఎక్కించుకున్నాడు. ముక్కు తేలికపడింది, గుండె దడదడలాడింది, మనసుకి ఎక్కడలేని హాయి. ఆ సాయంత్రం ఒక విందులో మామూలుకంటే చమత్కారంగా మాట్లాడుతున్నట్టు తనకే అనిపించిందట. రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. చూడండి, ఈ మందు మంచీ చెడూ మొత్తం ఆ ఒక్క రోజులోనే కనిపించింది. కానీ అది ఒక్క రోజే కదా!

స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ అనే అమెరికా కంపెనీ దాన్ని బెంజిడ్రిన్ అనే పేరుతో మొదట ముక్కుతో పీల్చే గొట్టంలోనూ, తర్వాత బిళ్ళల రూపంలోనూ బజారులోకి తెచ్చింది. మందు సిద్ధం, జబ్బు ఏదన్నది తేలలేదు. పెళ్ళికొడుకుని పీటల మీద కూర్చోబెట్టి పెళ్ళికూతుర్ని వెతకబోయినట్టు, కంపెనీవారు బిళ్ళలు డాక్టర్లకి పంచి, దేనికి పనిచేస్తుందో చూసి చెప్పమన్నారు. పగలు ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే నార్కోలెప్సీ అనే జబ్బుకి పనిచేసింది. అది నిజమైన మేలే. దిగులుకి కూడా మంచిదన్నారు.

ఇంతలో పిల్లల దగ్గరికి వచ్చింది. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, చిన్నతనంలో మెదడువాపు వచ్చిన ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ అనే కూతురి పేర తల్లిదండ్రులు ఆస్తి రాసి పెట్టించిన పిల్లల ఆస్పత్రి ఉంది. 1937లో అక్కడ ఛార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు ముప్ఫైమంది పిల్లలకి బెంజిడ్రిన్ ఇచ్చి చూశాడు. సగంమంది పిల్లలు చదువులో ఆశ్చర్యపడేటంత మారిపోయారు. అల్లరి తగ్గింది, కుదురు వచ్చింది. పిల్లలే దానికి లెక్కల బిళ్ళలని పేరు పెట్టుకున్నారు. హుషారు తెప్పించే మందు అల్లరిపిల్లని కుదురుగా కూర్చోబెట్టడం వింతగా ఉన్నా నిజమే. బ్రాడ్లీని తప్పుపట్టడానికి లేదు. చూసింది చూసినట్టు రాశాడు. అయితే ఆయన ఆ బిళ్ళలు ఇచ్చింది ఎన్నాళ్ళో తెలుసా? వారం రోజులు.

మరుసటి ఏడాదే, 1938లో, నార్కోలెప్సీకి బెంజిడ్రిన్ వాడుతున్న కొందరికి మతి చలించిందని ఇద్దరు డాక్టర్లు పత్రికలో రాశారు. ఎవరో వెంటాడుతున్నారని, తమమీద కుట్ర పన్నుతున్నారని ఆ రోగులకి భయం. హెచ్చరిక అంత తొందరగానే వచ్చింది. కానీ మరుసటి ఏడు ప్రపంచయుద్ధం కూడా వచ్చింది.

యుద్ధంలో ఎన్నాళ్ళని అడిగే తీరిక ఎవరికుంటుంది? జర్మనీవారికి పెర్విటిన్ అనే బిళ్ళ ఉంది, ఇది ఏంఫిటమిన్ కంటే ఘాటైన మెథాంఫిటమిన్. 1940లో ఏప్రిల్ నుంచి జూలై లోపల ఒక్క జర్మన్ సైన్యానికే మూడున్నర కోట్ల బిళ్ళలు పంపారు. ఇంగ్లీషువారూ, అమెరికావారూ బెంజిడ్రిన్ పంచారు. జపానువారి బిళ్ళ పేరు ఫిలొపాన్. యుద్ధం ముగిశాక జపానులో మిగిలిన నిల్వలు బజారున పడ్డాయి. ఊళ్ళు బూడిదై, తినడానికి తిండిలేక, రాత్రింబగళ్ళు పనిచెయ్యాల్సిన జనం వాటికి అలవాటుపడిపోయారు. 1951లో ప్రత్యేకంగా చట్టం చేశారు. అయినా 1954 ఒక్క సంవత్సరంలోనే ఆ చట్టం కింద యాభై అయిదువేలమందికి పైగా అరెస్టయ్యారు. బిళ్ళ సైనికులతో యుద్ధానికి వెళ్ళింది గానీ, వాళ్ళతోపాటు రిటైరు కాలేదు.

ఇక మన కథకి, అంటే ఆడవాళ్ళ కథకి వస్తాను.

యుద్ధం అయిపోయాక ఈ బిళ్ళలన్నీ ఎవరు మింగాలి? కంపెనీల కన్ను ఇల్లాలి మీద పడింది. డెక్సిడ్రిన్ అనే బిళ్ళకి అమెరికాలో డాక్టర్ల పత్రికల్లో ప్రకటనలు వేసేవారు. ఇంటిపని బరువు కింద ఎంతోమంది గృహిణులు నలిగిపోతున్నారు, వాళ్ళకి ఈ బిళ్ళ రాసివ్వండి అని వాటి సారాంశం. నాకు ఈ మాట చదివినప్పుడల్లా నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. నలిగిపోతున్నది ఇంటిచాకిరీ కిందనే అని వాళ్ళే ఒప్పుకున్నారు! బరువు కాస్త దించమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మోసే మనిషికి బిళ్ళ మింగించమన్నారు.

1950లో డెక్సమిల్ వచ్చింది. హుషారు మందు వల్ల కంగారు పుడుతోందని, దాంతో నిద్రమత్తు మందు కూడా కలిపి ఒకే బిళ్ళ చేశారు. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ వేయించే బిళ్ళ. ఇంగ్లండులో దాని పేరు డ్రినమిల్. సూయజ్ కాలువ గొడవ నడిచిన 1956లో బ్రిటిష్ ప్రధానమంత్రి ఆంథొనీ ఈడెన్ కూడా ఆ బిళ్ళలు వాడేవాడు. దేశాధినేతకే తప్పనప్పుడు ఇల్లాలికి తప్పుతుందా! 1960ల మొదట్లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరంలో డాక్టర్లు రాసిన చీటీలు లెక్కవేస్తే, ఈ మందులు వాడేవాళ్ళలో నూటికి 85 మంది ఆడవాళ్ళే అని తేలింది. ఎక్కువమంది వయసు 36కీ 45కీ మధ్య. మూడోవంతు చీటీలు ఒళ్ళు తగ్గడానికి, మూడోవంతు మనోవ్యాధులకి. మిగిలిన మూడోవంతు నీరసం, అక్కడక్కడా నొప్పులు అంటూ ఇదమిత్థమని తేలని బాధలకి. ఆ వయసు ఆడవాళ్ళం మనం. ఆ తేలని బాధలేమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పటికే, 1958లో, లండన్‌లో ఫిలిప్ కానెల్ అనే డాక్టరు 42 మంది రోగుల సంగతి వివరంగా పుస్తకం రాసి ప్రచురించాడు. ఏంఫిటమిన్ వల్ల వచ్చే పిచ్చిని మామూలు మనోవ్యాధి నుంచి వేరుచెయ్యడం చూపుకి సాధ్యం కాదనీ, మందు మానేస్తే చాలామందికి కొద్దిరోజుల్లోనే నయమవుతుందనీ ఆయన చెప్పాడు. ఆ 42 మందీ ఏదో పుట్టుకతో చెడిపోయిన మనుషులని కాదు. మామూలు మనుషులు, ఒక బిళ్ళతో మొదలుపెట్టినవాళ్ళు. ఒంటికి అలవాటైన కొద్దీ అదే బిళ్ళకి ఆ హుషారు రాదు. రెండు కావాలి, తర్వాత నాలుగు. మానేస్తే, తీర్చని అప్పంతా ఒక్కసారే మీదపడ్డట్టు నిద్రా నిస్పృహా ముంచుకొస్తాయి. అది చూసి మళ్ళీ బిళ్ళ.

ఒళ్ళు తగ్గే వెర్రి సంగతి చెప్పాలంటే సుజానా మెక్‌బీ కథ చెప్పాలి. 1968లో లైఫ్ పత్రిక విలేఖరి ఈవిడ. ఒంట్లో అదనపు బరువేమీ లేని మనిషి. అలాంటి మనిషి పదిమంది ఒళ్ళు తగ్గించే డాక్టర్ల దగ్గరికి వెళ్ళి వస్తే, సంచిలో 1,479 బిళ్ళలు పోగయ్యాయి! ఇంద్రధనుస్సు రంగుల్లో ఉండే ఆ బిళ్ళల్లో ఏంఫిటమిన్‌తోపాటు థైరాయిడ్ మందు, గుండె మందు, నీరు పోయే మందు, విరేచనాల మందు కలిపి ఇచ్చేవారు. కొందరు ఆడవాళ్ళ ప్రాణాలు పోయాయి. అమెరికా సెనేటు విచారణ జరిపింది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్న సామెత మనది గానీ, అనుభవం వాళ్ళది.

మరుసటి ఏడు, 1969లో, జూడీ గార్లండ్ అనే సినిమా నటి లండన్‌లో చనిపోయింది. పసితనంలోనే సినిమాల్లోకి తెచ్చి, సన్నగా ఉండడానికీ మెలకువగా ఉండడానికీ ఒక బిళ్ళ, ఆ హుషారు దిగి నిద్రపోవడానికి ఇంకో బిళ్ళ అలవాటు చేశారని ఆవిడే చెప్పుకుంది. చివరికి ప్రాణం తీసింది నిద్రబిళ్ళ. అప్పటికి ఆవిడ వయసు 47.

1971లో అమెరికా ప్రభుత్వం ఈ మందుల్ని గట్టి ఆంక్షల కిందికి తెచ్చి, ఎంత తయారుచెయ్యాలో కూడా తనే నిర్ణయించింది. ఆ ఏడే వియన్నాలో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జరిగింది. మనదేశంలో 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టంలో ఏంఫిటమిన్, మిథైల్‌ఫెనిడేట్ రెండూ ఉన్నాయి. అమ్మకాలు పడిపోయాయి. కథ కంచికి వెళ్ళిందనుకున్నారు అందరూ.

వెళ్ళలేదు. బ్రాడ్లీ చూసిన అల్లరిపిల్లల జబ్బుకి పేర్లు మారుతూ మారుతూ 1987లో ఏడీహెచ్‌డీ అన్న పేరు స్థిరపడింది. మనసు నిలవకపోవడం, కాలు నిలవకపోవడం దాని లక్షణాలు. ఒబెట్రాల్ అని ఒకప్పుడు ఒళ్ళు తగ్గడానికి అమ్మిన బిళ్ళే, కొద్ది మార్పులతో ఎడరాల్ అన్న కొత్త పేరు పెట్టుకుని ఈ జబ్బుకి మందుగా 1996లో అనుమతి పొందింది. పాత చీరకి కొత్త అంచు కుట్టినట్టు. మొదట పిల్లలకి, తర్వాత పెద్దలకి, ఆ తర్వాత మళ్ళీ ఆడవాళ్ళకి. 2020లో కరోనా వచ్చి, ఫోనులోనే డాక్టరుని చూసే రోజులొచ్చాక, ఆ రెండేళ్ళలో అమెరికాలో పదిహేను నుంచి నలభై నాలుగేళ్ళ ఆడవాళ్ళకి ఈ మందులు రాయడం బాగా పెరిగిందని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఇల్లూ, ఆఫీసూ, పిల్లల బడీ మూడూ ఒకే గదిలోకి వచ్చిపడిన రోజులవి. నలిగిపోయే ఇల్లాలి ప్రకటన మళ్ళీ వెయ్యక్కర్లేకపోయింది.

తొందరపడి మందునే తిట్టిపొయ్యకండి. ఏడీహెచ్‌డీ నిజంగా ఉన్న పిల్లవాడికి ఈ మందు చేసే మేలు చిన్నది కాదు. రోడ్డు మీద జాగ్రత్తగా నడవడం దగ్గర్నుంచి పుస్తకం ముగించడం దాకా సాయపడుతుంది. స్వీడన్‌లో దాదాపు లక్షా నలభై ఎనిమిదివేలమందిని పరిశీలించి 2024లో ప్రచురించిన లెక్కల్లో, మందు మొదలుపెట్టినవాళ్ళలో రెండేళ్ళ లోపు మరణాలు తక్కువగానే ఉన్నాయి. చేతిలో మంచి పనిముట్టే ఉంది. సందేహమల్లా ఎన్నాళ్ళన్న దాని గురించే.

ఆ ప్రశ్నకి జవాబులు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అమెరికాలో 579 మంది పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధనలో, పధ్నాలుగు నెలలకి మందు మేలు స్పష్టంగా కనిపించిందని 1999లో రాశారు. అదే పిల్లల్ని మూడేళ్ళ తర్వాత చూస్తే, మందు ఇచ్చిన జట్టుకీ తక్కిన జట్లకీ తేడా మిగల్లేదని 2007లో రాశారు. ఇంకా పెద్దయ్యాక చూస్తే, మానకుండా మందు వాడినవాళ్ళు, వాడనివాళ్ళకంటే రెండు సెంటీమీటర్లకి పైగా పొట్టిగా ఉన్నారని 2017లో తేలింది. ఆకలి చంపే మందు కదా మరి! స్వీడన్‌లోనే 2,78,027 మంది లెక్కలు తీసి 2023లో ప్రచురించినదాని ప్రకారం, అయిదేళ్ళకి మించి ఏడీహెచ్‌డీ మందులు వాడినవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులు సుమారు 23 శాతం ఎక్కువ. ముఖ్యంగా రక్తపోటు, రక్తనాళాల వ్యాధి. ఇక మతి చలించడం సంగతి. మామూలు మోతాదులో అది చాలా అరుదు. కానీ ఎక్కువ మోతాదు ఏంఫిటమిన్ వాడేవాళ్ళలో ఆ ప్రమాదం అయిదు రెట్లు దాటుతుందని 2024లో ఇంకో పరిశోధన చెప్పింది. 1938లో ఇద్దరు డాక్టర్లు చెప్పిన మాటే, ఎనభై ఆరేళ్ళ తర్వాత అంకెలతో సహా మళ్ళీ వచ్చింది.

మన ఆడవాళ్ళు ఎంతోమంది కూతురి పురుడికో, మనవల్ని చూసుకోవడానికో అమెరికా వెళ్ళొస్తున్నారు. పొద్దున్నే మనవడికి పాలతోపాటు ఈ బిళ్ళ ఇవ్వడం చూసి నోరు నొక్కుకునేవారూ ఉంటారు, "పిల్లాడికి పిచ్చిమందేమిటే!" అని కూతురితో పోట్లాడేవారూ ఉంటారు. రెండూ వద్దు. డాక్టరు చెప్పకుండా మానిపించడం అంతకంటే వద్దు. "ఎన్నాళ్ళమ్మా? మధ్యలో ఎప్పుడైనా ఆపి చూద్దామన్నాడా డాక్టరు? బీపీ, ఎత్తు, బరువు చూస్తున్నాడా? రాత్రి నిద్రపోతున్నాడా వీడు?" అని అడగండి. పెద్దముత్తయిదువ అడగవలసిన ప్రశ్నలు ఇవి. మంచి డాక్టరు వీటికి విసుక్కోడు. మనదేశంలో కూడా మిథైల్‌ఫెనిడేట్ మనోవైద్యుల చీటీ మీద దొరుకుతుంది కనక, ఆ ప్రశ్నలు ఇక్కడా పనికొస్తాయి.

బిళ్ళ అడుగుతున్నది మనవడికి కాక మనకే అయితే, డాక్టరుని అడిగేముందు ఇంట్లోవాళ్ళని అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఈ నీరసం నా ఒంటిదా, నా నెత్తిమీది బరువుదా? ఒంటిదైతే రక్తం పరీక్ష చేయించుకుందాం, మందు వేసుకుందాం. బరువుదైతే మాత్రం, ఆ గిన్నెలు తోమేవాళ్ళెవరో, పొద్దున్నే లేచి పాలు కాచేవాళ్ళెవరో, అత్తగారి మందులు గుర్తుపెట్టుకునేవాళ్ళెవరో ముందు తేల్చుకుందాం. ఆ తగాదాకి ఏ కంపెనీ బిళ్ళా పనిచెయ్యదు. తొంభై ఏళ్ళుగా ప్రయత్నించారు పాపం, కుదర్లేదు.